పెద్దపండక్కి పెడసరం సలహాలు

డిసెంబరు నెలాఖరు నుంచీ కాణిపాకం చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంట్లో ఫోను మోగినా మాట ఒకటే. పెద్దపండక్కి ఎవరెవరు వస్తున్నారు, ఎప్పుడొస్తారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడ పడుకుంటారు. పెద్దకొడుకు బెంగళూరులో, చిన్నకొడుకు చెన్నైలో, కూతుళ్ళు తిరుపతిలో, మదనపల్లెలో. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా కూడా చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాలకు పంచుకుపోయింది. ఒక తల్లి బిడ్డలు మూడు జిల్లాల్లో, రెండు పక్క రాష్ట్రాల్లో ఉన్న ఇళ్ళు మా వైపు కొల్లలు.

ఇంతమంది ఒకచోట చేరాలంటే సలహాలకు కొదవుండదు. సంక్రాంతి పొద్దున వచ్చి సాయంత్రానికి బయల్దేరండి, కాణిపాకంలో రూము తీసుకోండి, వంటకి మనిషిని పెట్టండి, ఆస్తుల మాట పండగపూట ఎత్తకండి. ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టకూడదనే మంచి మనసుతో చెప్పే మాటలే ఇవన్నీ. వీటిని తు.చ. తప్పకుండా పాటించిన ఇళ్ళల్లో నాలుగైదేళ్ళకే పండగ పలచబడిపోవడం చూస్తున్నాను. వచ్చినందువల్ల ఎవరికీ ఇబ్బంది లేదంటే, రాకపోయినా ఎవరికీ ఇబ్బంది లేదనే కదా. ఒకరి అవసరం ఒకరికి పడకుండా జాగ్రత్తపడేవాళ్ళు ఎన్నాళ్ళని బంధువులుగా ఉంటారు?

అందుకే ఎదురు సలహాలు రాస్తున్నాను. ఇవి పెడసరంగా కనిపిస్తాయి. అయినా ప్రతి మాటా నమ్మి రాస్తున్నదే. పాటించి చూడండి.

1. భోజనానికి రావద్దు, పనికి రండి

భోగి, సంక్రాంతి, కనుమ. 2025లో జనవరి 13, 14, 15 తేదీలు. 2026లో 14, 15, 16. మధ్యరోజే ముఖ్యమనుకుని ఆ పూటకి అందేట్టు వచ్చేవాళ్ళకి దక్కేది విస్తరి ఒక్కటే. అప్పటికే గోడలకు సున్నం పడి ఉంటుంది. అటకమీది ఇత్తడి సామాను దిగి, చింతపండుతో తోమించుకుని, ఎండలో ఆరి ఉంటుంది. కొత్త బెల్లం గానిగ దగ్గర్నుంచి ఇంటికి చేరి ఉంటుంది. ఈ పనులన్నీ చేసినవాళ్ళు ఆ పనుల్లోనే మళ్ళీ దగ్గరివాళ్ళవుతారు. అన్నీ అయ్యాక వచ్చినవాళ్ళు అతిథులుగా వచ్చి అతిథులుగానే పోతారు.

చిత్తూరుకి బెంగళూరు నుంచైనా చెన్నై నుంచైనా బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం. పొద్దున వచ్చి రాత్రికి తిరిగిపోవచ్చన్న ఆశ పెట్టేది ఆ దగ్గరితనమే. భోగి ముందురోజు మధ్యాహ్నానికి ఊళ్ళో దిగండి. కనుమనాడు కాకైనా కదలదని మన పెద్దల సామెత. ఆ రోజు బ్యాగు సర్దకండి. మర్నాడు భోజనాలయ్యాక బయల్దేరండి.

సెలవు రెండురోజులకు మించి దొరకదా? అప్పుడు భోగి ముందురోజు వచ్చి, భోగి రాత్రి వెళ్ళిపొండి. సంక్రాంతినాడు మీరు లేకపోయినా, మీరు సున్నం వేసిన గోడ ముందు, మీరు తోమిన బిందె పక్కన కూర్చుని మీ పేరు తలుచుకుంటూ తింటారు. పని ఉన్న రోజు ఉండి, విందు రోజు లేకపోయిన మనిషి పండక్కి వచ్చినట్టే లెక్క.

2. లాడ్జిలో దిగొద్దు

కాణిపాకంలో దేవస్థానం గదులున్నాయి, ప్రైవేటు లాడ్జిలున్నాయి. ఓ పన్నెండు కిలోమీటర్లు పోతే చిత్తూరులో ఏసీ హోటళ్ళున్నాయి. అవి యాత్రికులకోసం. సొంత ఊళ్ళో సొంత ఇల్లు పెట్టుకుని రాత్రి తొమ్మిదింటికి లేచి 'ఇంక పోతాం' అనేవాళ్ళు ఆ రాత్రి జరిగే అసలు సంగతులు పోగొట్టుకుంటారు. దీపాలార్పేసి చాపలమీద వరసగా పడుకున్న తర్వాతే చిన్నాయన తన అప్పుల సంగతి చెప్తాడు. వొదిన తన కొడుకు చదువు మానేశాడన్న మాట బయటపెడుతుంది. ఒకరి మొగం ఒకరికి కనిపించని చీకట్లోనే కొన్ని మాటలు నోరు దాటతాయి. హోటలు గదిలో అద్దెకు తీసుకున్న ఏకాంతంలో అవి రావు.

ఇరవైమంది ఒక ఇంట్లో సర్దుకోవడానికి కొంచెం తయారీ కావాలి. ముసలివాళ్ళకి మంచాలు. బాలింతకి, కడుపుతో ఉన్నవాళ్ళకి తలుపు వేసుకునే గది, దీనిమీద బేరాల్లేవు. మిగతా అందరికీ నడవలో చాపలు, బొంతలు. జనవరిలో మిద్దెమీద మంచు కురుస్తుంది, పిల్లలు ఎంత మారాం చేసినా అక్కడ పడుకోనివ్వకండి. తెల్లవారుజామున నాలుగింటికే పెరట్లో నీళ్ళకాగు కింద మంట వేసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి. స్నానాల వరస ముందురాత్రే అనుకోండి. బీపీ, షుగరు మాత్రలన్నీ ఒక డబ్బాలో, ఎవరివి వాళ్ళ పేరుతో చీటీ అంటించి, దేవుడి గూటి పక్కన పెట్టండి. ఈ మాత్రం ఏర్పాటుంటే ఇల్లు ఎంత చిన్నదైనా పడుతుంది.

3. వంటమనిషిని పిలవొద్దు, వంటలు తగ్గించండి

క్యాటరింగు వాళ్ళను పిలిస్తే ఆడవాళ్ళకి విశ్రాంతి దొరుకుతుందని చెప్తారు. వాళ్ళకి విశ్రాంతి కావాలన్నది ముమ్మాటికీ నిజం. దానికి విరుగుడు వంట బయటికి పంపడంలో లేదు. వంటల పట్టిక కురచ చేసి, చేతులు పెంచడంలో ఉంది.

అత్తిరసాలు, నిప్పట్లు, మనుగుపూలు, కజ్జికాయలు, ఓళిగలు, బొరుగుల ఉండలు. ఇవన్నీ చేస్తేనే పండగని ఎవరన్నారు? ఇవి ఏడాదికోసారి నోటికందిన కాలంలో ఆ పట్టికకి అర్థముంది. ఇప్పుడు చిత్తూరు బజారులో నిప్పట్లు ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఈ ఏడాదికి రెండే రెండు ఎంచుకోండి. ఏ రెండన్నది ఇంట్లో ముసలావిడని అడగండి. ఆవిడ చేతికి మాత్రమే తెలిసిన పాకం ఒకటుంటుంది, అది చేయించి నేర్చుకోండి. మిగతావి వదిలేయండి.

పెనుకొండ దగ్గర 2019లో కొరియా కంపెనీ కియా కార్ల తయారీ మొదలయ్యాక మన సీమకు కొరియావాళ్ళు కొత్తవాళ్ళు కాకుండా పోయారు. వాళ్ళకీ ఇలాంటి పండగే ఉంది, చుసోక్ అంటారు. చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమినాడు వస్తుంది. ఊళ్ళకు పోయే జనంతో రోడ్లు కిక్కిరిసిపోతాయి. పెద్దల సమాధుల దగ్గర గడ్డి కోసి శుభ్రం చేస్తారు. కొత్తబియ్యం పిండిలో నువ్వులో పప్పులో పెట్టి, పైన్ చెట్ల ఆకులు పరిచి, ఆవిరిమీద ఉడికిస్తారు. పొద్దున్నే చనిపోయిన పెద్దల పేరున బల్లనిండా వంటలు పెట్టి మొక్కుతారు. ఆ బల్ల నింపడానికి ముందురోజంతా పెనం ముందు కూర్చుని నూనెలో అట్లు వేయించేది కోడళ్ళు. పండగంటేనే ఒంటినొప్పులని అక్కడి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. చివరికి 2022 సెప్టెంబరులో, కన్‌ఫ్యూషియస్ ఆచారాలకు పెద్దదిక్కైన సుంగ్‌క్యున్‌క్వాన్ సంస్థే ముందుకొచ్చి, ఆ బల్లమీద నూనె వంటకాలు ఉండాల్సిన పనిలేదు, తొమ్మిది రకాలు దాటనక్కర్లేదు అని కొత్త పద్ధతి ప్రకటించింది. ఆచారం కాపాడే పెద్దలే ఆ మాట అనడం గొప్ప సంగతి. మన ఇళ్ళల్లోనూ ఆ మాట అనాల్సింది అత్తలే. కోడలు అంటే బద్ధకమంటారు, అత్త అంటే ఆచారమవుతుంది.

4. మగవాళ్ళను కూర్చోనివ్వొద్దు, పితికించండి

సంక్రాంతికి మా వైపు అనపకాయల కాలం. మంచుకి తడిసిన అనపకాయకి ఒక వాసన ఉంటుంది. సంచి ఇంట్లోకి రాగానే వీధి గుమ్మం దాకా తెలుస్తుంది. కాయలు వలిచి గింజలు తీస్తారు. గింజల్ని రాత్రంతా నీళ్ళలో వేస్తారు. పొద్దుటికి అవి ఉబ్బి, పైతొక్క వదులై ఉంటాయి. ఒక్కో గింజనీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని పితికితే, పచ్చటి పప్పు తొక్కలోంచి చటుక్కున జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. గట్టిగా నొక్కితే పప్పు ఎగిరి గోడకి తగులుతుంది, మెల్లగా నొక్కితే అసలు కదలదు. కొంతసేపటికి వేళ్ళు నాని ముడతలు పడతాయి, గోళ్ళకింద ఆకుపచ్చ మరక నిలుస్తుంది. ఇరవైమందికి కూర కావాలంటే ఒక్కరు పితికితే పొద్దంతా పడుతుంది. పదిమంది కూర్చుంటే ఒక కబురు ముగిసేలోపల గిన్నె నిండుతుంది.

ఈ పనికి మగవాళ్ళని కూర్చోబెట్టండి. కత్తి పట్టక్కర్లేదు, పొయ్యి దగ్గరికి పోనక్కర్లేదు, ఉప్పు కారం లెక్కలు తెలియనక్కర్లేదు. తెలియదన్న సాకు చెల్లని పని ఇదొక్కటే. పేపరు పట్టుకుని అరుగుమీద కూర్చున్న మామకి, ఫోను పట్టుకున్న బావకి మధ్యలో బేసిను పెట్టేయండి. "ఒరే అబ్బోడా, చెయ్యి కడుక్కొచ్చి ఇట్లా కూచ్చో" అని పెద్దమ్మ ఒక్క మాట అంటే కాదనే మగాడు మా జిల్లాలో లేడు. సంక్రాంతినాటి కలగూరకి గుమ్మడికాయ, చిక్కుడుకాయ, గెణుసుగడ్డ తరగడం కూడా వాళ్ళకే వదలండి. ముక్కలు వంకరగా వచ్చినా కూర రుచి మారదు.

పనికి బదులు ఇంకో పని ఒప్పుకోకండి. 'నేను బజారుకి పోయొస్తా' అని మోటారుసైకిలు తీసేవాణ్ణి ఆపండి. బజారుపని ఒక గంటలో అయిపోతుంది, వంటిల్లు మూడురోజులు నడుస్తుంది.

5. పెద్దలకి పెట్టుకునేటప్పుడు మంచి మాత్రమే చెప్పొద్దు

సంక్రాంతి మధ్యాహ్నం పెద్దలకి పెట్టుకుంటారు. పటాల ముందు కొత్తబట్టలు పెట్టి, తళిగలు వేసి, పొంగలి, కూరలు వడ్డించి, సాంబ్రాణి పొగ వేసి మొక్కుతారు. అంతవరకు పెద్దవాళ్ళు పస్తుంటారు. పిల్లలు ఆకలికి గొడవ చేస్తారని వాళ్ళకి ముందే అన్నం పెట్టి ఆడుకోమని పంపెయ్యడం ఈమధ్య అలవాటైంది. అన్నం పెట్టండి, పంపకండి. ఆ పటాల ముందు కూర్చోబెట్టండి.

కూర్చోబెట్టి, ఆ పటాల్లోని మనుషుల సంగతులు చెప్పండి. దేవుడులాంటి మనిషని ముగించేస్తే పిల్లలకి ఆ మనిషి ఎప్పటికీ అర్థంకాడు. తాత బోరుబావికి అప్పు చేసి రెండుసార్లు నీళ్ళు పడక దివాలా తీశాడా, చెప్పండి. కోపంలో అన్నం కంచం విసిరేసేవాడా, అదీ చెప్పండి. అంత కోపంలోనూ చెల్లెలి పెళ్ళికి ఎకరం అమ్మాడని ఆ వెంటనే చెప్పండి. కరువేడు ఏం తిన్నారో, ఎవరింటికి నూకలకి పోయారో చెప్పండి. రేపు తాము తప్పుచేసి తలదించుకున్న రోజున, ఆ ఇంట్లో తామే మొదటివాళ్ళం కాదన్న ధైర్యం పిల్లలకి వస్తుంది.

ఇంకొక సంగతి. చాలా ఇళ్ళల్లో పేర్లు చదివేది మగవాళ్ళవే. తాత పేరు, ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు. అవ్వ పేరు వస్తే గొప్ప. అవ్వని కన్నతల్లి పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ పండక్కి ఇంట్లో అందరికన్నా పెద్ద ముసలావిడని కూర్చోబెట్టి, ఆమె తల్లి పేరు, ఆమె తల్లిగారి ఊరు, పురిట్లోనే పోయిన ఆడబిడ్డల పేర్లతో సహా ఒక నోటుపుస్తకంలో రాయించండి. వచ్చే ఏడాది నుంచి ఆ పేర్లనీ కలిపి చదవండి.

6. పిల్లల దగ్గర ఫోను లాక్కోవద్దు, పగ్గం ఇవ్వండి

ఫోను లాక్కుంటే పిల్లవాడు అలుగుతాడు. రెండు చేతులకీ పని ఇస్తే తనే జేబులో పెట్టుకుంటాడు. మన పండగలో అలాంటి పని పుష్కలం.

భోగిమంటకి కట్టెలు కొనకండి. ముందురోజు పిల్లలచేత ఇంటింటికీ తిరిగి ఎండు కొమ్మలు, విరిగిన తట్టలు, చీపుళ్ళు ఏరించండి. టైర్లు, ప్లాస్టిక్కు కుప్పలో పడితే తీసి అవతల పారేయించండి. ఆ పొగ పక్కింటి ఉబ్బసం ముసలాయన ఛాతీలోకి పోతుంది. తెల్లవారుజామున పిల్లల మెడలో పలకడప్పులు వేసి, వీధంతా మోగేట్టు కొట్టనివ్వండి. నిద్ర చెడిందని ఆ ఒక్కపూటా ఎవరూ కసరకూడదు.

కనుమ పశువుల పండగ. 'ఎద్దులే లేవు, ఇంకేం పశువుల పండగ' అని దాన్ని మాంసం కూరతో సరిపెట్టేవాళ్ళు ఎక్కువైపోయారు. ఎద్దుల చోట ట్రాక్టర్లొచ్చిన మాట నిజమే. కాని చిత్తూరు జిల్లాలో పాడి లేని పల్లె ఎక్కడుంది? ఎంతోమంది పిల్లల ఫీజులు కట్టింది ఆ జెర్సీ ఆవుల పాలే. వాటికి పండగ ఎందుకు చేయకూడదు? మీ ఇంట్లో పశువు లేకపోతే పక్కింటి కొట్టానికి పోయి అడగండి, ఎవరూ వద్దనరు.

పిల్లవాడి చేతికి పగ్గం ఇచ్చి ఆవును బావి దగ్గరికి తోలించండి. పీచుతో రుద్ది కడిగించండి. కొమ్ముంటే రంగు వేయించండి. ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు వేయాలి. సగం కొమ్ముకి రంగు పడేసరికి అది తల విదిలిస్తుంది, మిగతా సగం రంగు చొక్కామీద పడుతుంది. దూడప్పుడే కొమ్ములు తీయించేసిన ఆవైతే మెడకి చామంతి దండ, గజ్జెలు చాలు. పాతకాలంలో మద్ది చెక్క, నేరేడు చెక్క లాంటివి దంచి ఉప్పు కలిపి 'ఉప్పుచెక్క' అని పశువుల నోట్లో పోసేవాళ్ళు, కడుపులో పురుగులు పోతాయని. దాని మోతాదు తెలిసిన పెద్దమనిషి పక్కనుంటేనే ఆ పని చేయండి. లేకపోతే పశువుల డాక్టరు దగ్గర పురుగుల మందు తెచ్చి ఆ రోజే వేయించండి. పద్ధతి మారినా పశువు కడుపు గురించి ఆలోచించడం మారకూడదు.

చంద్రగిరి మండలం ఎ.రంగంపేటలో పశువుల పండక్కి వేలమంది చేరతారు. కోడెల కొమ్ములకి చెక్కపలకలు కట్టి వదులుతారు, కుర్రవాళ్ళు వాటిని ఊడబెరకడానికి ఎగబడతారు. కార్లేసుకుని అది చూడ్డానికి పోవద్దంటాను. ఏటా జనం దెబ్బలు తినే చోటన్నది ఒక కారణం. అక్కడ మీరు గుంపులో ఒకరు కావడం రెండో కారణం. మీ ఊరి బయట కాటమరాజు రాయి ఉంటుంది. కనుమ సాయంత్రం పశువులన్నీ అక్కడికి చేరతాయి, ఊరివాళ్ళు కట్టెలు తెచ్చి వేసిన చిట్లాకుప్ప పొద్దుగూకేవేళ ముట్టిస్తారు. ఆ కుప్పలో మీ పిల్లవాడు వేసిన కట్టె ఉండాలి. కాటమరాజు ఎవరో, ఆవులకోసం ఎందుకు యుద్ధం చేశాడో తెలిసిన ముసలాయన ఒకరైనా అక్కడ దొరుకుతాడు. ఆయన పక్కన నిలబెట్టండి.

పలక కొట్టే మనిషికి, ఊరంతా తిరిగి పొలి చల్లే మనిషికి మిగిలిన అన్నం కట్టి పంపకండి. వెనకటికి కళ్ళంలోనే వాళ్ళకి మేర అని ధాన్యం కొలిచేవాళ్ళు. ఇప్పుడు కళ్ళాలూ లేవు, కొలతలూ లేవు, పని మాత్రం అడుగుతున్నాం. ముందే కూలి మాట్లాడి ఇవ్వండి. ఇచ్చి, మన బంతిలోనే కూర్చోబెట్టి వడ్డించండి. ఇదేదో ఔదార్యమని చెప్పుకోకండి, ఎన్నో తరాలుగా బాకీపడ్డది.

7. కాణిపాకానికి పండగరోజు పోవద్దు, వెళ్తే ఒకే బండిలో పొండి

సంక్రాంతినాడు గుడికి పోతే సగంరోజు వరసలోనే గడిచిపోతుంది, ఇంట్లో పెద్దలకి పెట్టుకోవడం ఆలస్యమవుతుంది. స్వామి ఎక్కడికీ పోడు. కనుమ దాటాక, ఊళ్ళకు బయల్దేరేముందు అందరూ కలిసి పొండి. ఎవరి కారులో వాళ్ళు పోవద్దు. ట్రాక్టరో వ్యానో మాట్లాడుకుని, ఇరుక్కుని కూర్చుని పొండి.

ఆ గుడి కథ దారిలో పిల్లలకి చెప్పండి. ముగ్గురు అన్నదమ్ములు. ఒకరికి చూపు లేదు, ఒకరికి వినికిడి లేదు, ఒకరికి మాట లేదు. ఉన్న కాస్త నేలనీ ముగ్గురూ కలిసే సేద్యం చేసుకునేవాళ్ళు. ఏతం తోడుతుంటే బావి ఎండిపోయింది. పూడిక తీయడానికి ఒకరు దిగి తవ్వితే గడ్డపారకి రాయి తగిలి నెత్తురొచ్చింది. ముగ్గురి లోపాలూ ఆ క్షణంలోనే పోయాయి. ఊరు ఊరంతా వచ్చి కొట్టిన కొబ్బరికాయల నీళ్ళు కాణి నేలంతా పారాయని చెప్పుకుంటారు. వరసిద్ధి వినాయకుడు వెలిసింది ఆ బావిలో. పదకొండో శతాబ్దిలో చోళరాజు కుళోత్తుంగుడు గుడి కట్టించాడని, 1336లో విజయనగర రాజులు పెంచారని చరిత్ర చెప్తారు.

ఆ అన్నదమ్ములు ఎవరి ఇబ్బంది వాళ్ళు పడదామనుకుని విడిపోయి ఉంటే ఆ కథే లేదు. చూపులేనివాడికి ఇంకొకడి కళ్ళు కావలసొచ్చాయి, మాటలేనివాడికి ఇంకొకడి నోరు కావలసొచ్చింది. ఒకరికొకరు భారమయ్యే బతికారు. ఇన్ని సలహాల్లోనూ నేను చెప్తున్నది అంతే.

8. ఆస్తుల మాట పండగలోనే ఎత్తండి

'పండగపూట ఎందుకులే' అని వాయిదా వేసిన ప్రతి మాటా రెండేళ్ళకి కోర్టు కాగితమై వస్తుంది. వారసులందరూ, వాళ్ళ భార్యలూ భర్తలూ ఎదురెదురుగా కూర్చునే రోజు ఏడాదిలో ఇదొక్కటే. ఫోనులో మాట్లాడితే గొంతు పెరుగుతుంది. అమ్మ పక్కన కూర్చుని మాట్లాడితే తగ్గుతుంది.

సంక్రాంతినాడు వద్దు, అది పోయినవాళ్ళ రోజు. కనుమ మధ్యాహ్నం, మినప వడలు, కూర తిన్నాక, అందరి కడుపులూ నిండి ఉన్నప్పుడు కూర్చోండి. పాసుపుస్తకం, అడంగలు, ఈసీ ముందుగానే తెప్పించి మధ్యలో పెట్టండి. నోటిమాట లెక్కలు వద్దు.

ఆడపిల్లల్ని కాఫీలు కలపడానికి లోపలికి పంపకండి. వారసత్వ చట్టానికి మన రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకొచ్చి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ పెళ్ళయిందా లేదా అన్న తేడా ఎత్తేసింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అన్న అనుమానాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. హక్కు పుట్టుకతోనే వస్తుంది, బతికుండక్కర్లేదంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు. పసుపు కుంకాల కింద చీర పెట్టి అక్కచేత సంతకం పెట్టించుకునే అలవాటు ఇంకా ఉన్న ఇళ్ళల్లో ఈ తేదీలు గట్టిగా చదవండి. అక్క వదులుకుంటానంటే ఆమె ఇష్టం. తనకేముందో తెలిసిన తర్వాత వదులుకోవాలి.

మాట ముదిరితే మా వైపు 'కాణిపాకంలో ప్రమాణం చేస్తావా' అంటారు. ఆ బావిలోని స్వామి ముందు అబద్ధం చెల్లదన్న నమ్మకం ఎంత బలమైందంటే, రాజకీయ నాయకులూ ఆ సవాలే విసురుకుంటారు. అన్నదమ్ముల మధ్య ఆ మాట రానివ్వకండి. పక్కనే పారే బాహుదానదికి ఒక కథుంది. అన్న శంఖుడు వద్దంటున్నా వినకుండా తమ్ముడు లిఖితుడు తనది కాని తోటలో మామిడిపండు కోసుకున్నాడు. రాజు చేతులు నరికించాడు. ఈ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. మామిడితోట గట్టు దగ్గర మూడడుగులకోసం మాటలు మానేసిన అన్నదమ్ములు మా వైపు లెక్కలేనంతమంది. అలా మాట్లాడుకోనివాళ్ళని కూడా పిలవండి. 'ముందు క్షమాపణ చెప్తే రానిస్తాం' అనకండి. రమ్మనండి, వచ్చాక ఆ పితికిపప్పు బేసిను దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టండి. క్షమాపణలు ఆ తర్వాత, వస్తే రానీ.

9. ఖర్చు లెక్క గోడమీద రాయండి

బంధువుల మధ్య లెక్కలేంటని సిగ్గుపడితే ఆ సిగ్గు ఖరీదు ఊళ్ళో ఉండే ఒక్క అన్నమీదే పడుతుంది. బియ్యం, బెల్లం, నూనె, కూరగాయలు, మాంసం, పలక మనిషి కూలి, వ్యాను బాడుగ అన్నీ ఒక కాగితంమీద రాసి అందరికీ కనిపించేట్టు గోడకి అంటించండి. ముక్కనుమ పొద్దున కూడి, సంపాదన ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ, తక్కువున్నవాళ్ళు తక్కువ వేసుకోండి. ఉద్యోగం పోయిన తమ్ముడి దగ్గర డబ్బు తీసుకోకండి, వాడి పనిని డబ్బు కింద జమకట్టి ఆ కాగితంమీదే రాయండి.

అదే కాగితం వెనక వచ్చే ఏడాది పండగ రాయండి. ఎవరింట్లో, ఎవరెవరు ఏ రోజుకి వస్తారు, ఎవరి పని ఏది. ఒక్కో పనికి ఒక్కరి పేరే రాయండి. నీళ్ళకాగు చిన్నాయనది, కట్టెలు చెన్నై పిల్లలవి, పేర్ల పుస్తకం బెంగళూరు కోడలిది, అత్తిరసాల పాకం మేనత్తది. పొరపాటున కూడా ఆ మేనత్తతో 'నువ్వేం చేయొద్దులే, ఊరికే కూర్చో' అనకండి. మోకాళ్ళు నొప్పులుంటే పీట ఎత్తు పెంచండి, కలియబెట్టడానికి మనవణ్ణి పక్కన నిలబెట్టండి, పాకం ఎప్పుడు దించాలో మాత్రం ఆమెనే చెప్పనివ్వండి. తను రాకపోతే ఆ ఏడాది ఆ ఇంట్లో అత్తిరసాలు ఉండవని ఆమెకి తెలియాలి. మిగతా అందరికీ తెలియాలి. ఆమె రాకపోతే నిజంగానే చేయకండి.